మా తోడల్లుడి రొట్టెల బండి

మా తోడల్లుడి గురించి మంచిమాట చెప్పాలంటే నాకు నోరు పెగలదు. అయినా చెప్తాను. ఆయన గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళుగా ఆయన్ని చూసి కుళ్ళుకుంటున్నాను. ఇష్టమైన మనిషిని ఎవరూ ఇంత పరీక్షగా చూడరు.

మా ఆవిడకి ఒక్కతే చెల్లెలు. ఆ పిల్ల మొగుడు ఈయన. షెడ్డులో అందరూ బొత్తాం అంటారు. పొట్టిగా గుండ్రంగా ఉంటాడని కొంత, చొక్కాకి ఎప్పుడూ ఒక బొత్తాం ఊడిపోయి ఉంటుందని కొంత. పొద్దస్తమానం అందరి బళ్ళ సీట్లూ కుడుతూ కూర్చుంటాడు, సొంత చొక్కాకి బొత్తాం కుట్టుకోడానికి మాత్రం తీరిక ఉండదు. అడిగితే, గాలి రావాలి కదా అంటాడు. ప్రతిదానికీ ఆయన దగ్గర ఒక జవాబు ఉంటుంది. నాకది కూడా నచ్చదు.

మా షెడ్డంటే పాత బళ్ళు బాగుచేసే చోటు. పొడుగాటి రేకుల కప్పు, ముందు రోడ్డు, వెనక పిచ్చిమొక్కలు మొలిచిన ఖాళీ జాగా. ఒక మూల ఇంజిన్ మెకానిక్కు, ఇంకో మూల రంగులేసేవాడు, మధ్యలో నేను. నాది టింకరింగ్ పని. ఎక్కడో గుద్దుకుని సొట్టలు పడ్డ డోర్లు సుత్తితో లేపుతాను. తుప్పు తినేసిన రేకుని కోసి, కొత్తది అతికి, వెల్డింగ్ పెడతాను. ఐదో తరగతిలో బడి మానేసి సుత్తి పట్టుకున్నాను, ఇంతవరకు కింద పెట్టలేదు. కుడిచెవి సగం పోయింది. పొద్దున లేస్తే నడుం తిన్నగా అవడానికి పావుగంట పడుతుంది.

గేటు పక్కన చిన్నగది బొత్తాంది. ఒక కుట్టుమిషను, చుట్టలు చుట్టిన రెగ్జిను, స్పాంజి ముక్కలు. ఆయన్ని ఆ గదిలో కూర్చోబెట్టింది నేనే. పెళ్ళయిన కొత్తలో ఆయనకి పనిలేకపోతే మా మరదలు ఏడుస్తూ వచ్చింది, నేను ఓనరుతో మాట్లాడి ఇప్పించాను. ఈ మాట ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పుంటానో నాకే లెక్కలేదు. అందరూ వింటారు, తలూపుతారు, వెళ్ళి ఆయన గదిలోనే కూర్చుంటారు.

ఎందుకంటే పని తేడా అలాంటిది. నేను మంచి పని చేశానంటే అది కనపడదు. పైన రంగు పడిపోతుంది, సొట్ట ఎక్కడుండేదో బండి తెచ్చినవాడికే గుర్తుండదు. ఆయన పని మీద జనం కూర్చుంటారు. కూర్చోగానే ఆహా అంటారు. ముప్ఫయ్యెనిమిదేళ్ళలో నా పని చూసి ఆహా అన్నవాణ్ణి నేను చూడలేదు.

ఆయన తండ్రి గుడారాలు కుట్టేవాడట. ఎక్కడ పెద్ద సభ జరిగినా, ఎక్కడ ఆటలు పెట్టినా గుడారం వేసేది వీళ్ళే. వేసింది విప్పేదాకా అందులోనే కాపురం. తొమ్మిదేళ్ళకే ఈయన తండ్రికి సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడట. ఒకరోజు ఒక చోట నిద్ర, మర్నాడు ఇంకో చోట. తండ్రి పోయాక తల్లి ఒక అద్దెగది తీసుకుంది. ఆ గది కిటికీ తీస్తే రెండడుగుల దూరంలో పక్కింటి గోడ. "అప్పట్నుంచీ నేను గోడ మొహం చూస్తూనే నిద్ర లేస్తున్నానన్నా" అని ఒకసారి నాతో అన్నాడు. నా కిటికీకి మాత్రం ఏముంది, పక్కవాళ్ళ డాబా గొట్టం. నేనెప్పుడూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఆయనకో పిచ్చి అలవాటుంది. సీటు కుట్టి బిగించాక స్టీరింగ్ దగ్గర కూర్చుని కళ్ళు మూసుకుంటాడు. రెండు నిమిషాలు చేతులు ఇటూ అటూ తిప్పుతాడు, గేరు మారుస్తాడు. బండివాళ్ళు నవ్వి, ఎక్కడిదాకా వెళ్ళొచ్చావయ్యా అంటారు. "నదిదాకా వెళ్ళొచ్చాను సార్. వంతెన మీద కొంచెం రద్దీగా ఉంది" అంటాడు. వాళ్ళు ఇంకా నవ్వుతారు. ఇలాంటి చేష్టలు నేను చేస్తే పిచ్చాసుపత్రికి పంపుతారు. ఆయన చేస్తే మళ్ళీ వచ్చి చూస్తారు.

ఇంతా చేసి చాలా ఏళ్ళు ఆయనకి లైసెన్సు లేదు. నలభై నాలుగో ఏట పరీక్షకి వెళ్ళాడు. రెండుసార్లు రివర్సులో స్తంభానికి గుద్ది తప్పాడు. మూడోసారి పాసయ్యాడు. ఆరోజు షెడ్డంతటికీ టీ పోయించాడు. ఆయన డబ్బుతో ఇంకొకరికి టీ పోయించడం మేం చూసింది అదొక్కసారే. పరమ పిసినారి.

ఇప్పుడు బండి సంగతి.

షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఒక రొట్టెల వ్యాను ఉండేది. నాకంటే రెండేళ్ళు చిన్నది. గుండ్రటి ముక్కు, కప్ప కళ్ళలాంటి రెండు లైట్లు, పక్కకి జరిపే తలుపు. పక్కన రొట్టె బొమ్మ, వెలిసిపోయి సగమే మిగిలింది. బేకరీ మూతపడ్డాక బాగుచేయమని తెచ్చి వదిలేశారు, మళ్ళీ ఎవరూ రాలేదు. నాలుగు టైర్లూ మట్టిలో దిగిపోయాయి. ఇంజిన్ మీద తొండ కాపురం పెట్టింది.

నేను మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని ఆ బండిలోకి వెళ్ళేవాణ్ణి. పదకొండేళ్ళు. రొట్టెలు పెట్టే చెక్కపెట్టె ఒకటి బోర్లించుకుని దానిమీద కూర్చునేవాణ్ణి. ఎండ ఎక్కి రేకు వేడెక్కితే లోపల రొట్టె వాసన వచ్చేది. అన్నేళ్ళయినా పోలేదు ఆ వాసన. షెడ్డు చప్పుడు వినపడేది కాదు. తింటూ తింటూ నేను ఆ బండిని బాగుచేసేవాణ్ణి, మనసులోనే. ఇక్కడ మంచం. ఇక్కడ పొయ్యి. ఈ పక్క రేకుని అడ్డంగా కోసి, పైముక్కకి పైన బందులు వేస్తే ఎత్తినప్పుడు నీడ, కిందిముక్కకి కింద బందులు వేస్తే వాల్చినప్పుడు బల్ల. ముందు మా ఆవిడ. ఆమె మోకాళ్ళ మీద దారి రాసుకున్న కాగితం. ఇంతవరకూ వచ్చేసరికి డబ్బా ఖాళీ అయ్యేది, లేచి పనికి వెళ్ళేవాణ్ణి.

ఓనర్ని అడగలేదు. నవ్వుతాడేమో అనిపించేది. ఈ వయసులో నీకిదెందుకురా అంటాడనిపించేది. ఈ నెల కాకపోతే వచ్చే నెల అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు కూడా. ఒక్కసారి వానపడి బొత్తాం కూడా అందులోకే వచ్చి తింటుంటే, ఆ నీడరేకు, బల్లరేకు సంగతి నోరు జారాను. అంతే.

ఒకరోజు డబ్బా పట్టుకుని వెనక్కి వెళ్తే బండి లేదు. నాలుగు టైర్లున్న చోట నాలుగు గుంటలు, చుట్టూ తెల్లబడ్డ గడ్డి. చూస్తే షెడ్డు ముందుంది, ఇటుకల మీద నిలబెట్టారు. బొత్తాం దాని చుట్టూ తిరుగుతున్నాడు. ఓనరుగారి కారుకి సీటు కుడుతూ, ఆ రొట్టెల బండి నాకిస్తారా సార్ అన్నాడట. తోలుకుపో, జాగా ఖాళీ అవుతుంది అన్నాడట ఓనరు. మూడు ముక్కల్లో అయిపోయింది. నేను పదకొండేళ్ళు మింగిన మాట అది.

ఆరోజు నిలబడే తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా మరదలు మా ఇంట్లోనే ఉంది, కబురు అప్పటికే వచ్చేసింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ మంచం మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని చిన్నపిల్లల్లా నవ్వుకుంటున్నారు. వెనకాలే బొత్తాం వచ్చాడు. "అన్నా, బాడీ నువ్వే చెయ్యాలి. నీ చెయ్యి పడితేగానీ అది బండి అవదు" అన్నాడు. నాకు తీరికలేదు అందామని నోరు తెరిచేలోపు మా ఆవిడ, "చేస్తాడు లేవయ్యా మరిదీ, ఆదివారాలు ఇంట్లో కూర్చుని నా పనిలో తప్పులు పట్టడమేగా ఈయన చేసేది" అంది.

అలా ఆదివారాలన్నీ ఆ బండికి పోయాయి. మెకానిక్కు నాలుగో నెలకి ఇంజిన్ని దగ్గించాడు. నల్లటి పొగ వచ్చింది, తొండ సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. మా మరదలు పొయ్యిగట్టు అట్టముక్కలతో కొలతలు వేసింది. మా ఆవిడ పసుపురంగు గుడ్డ తెచ్చి కిటికీలకి తెరలు కుట్టింది. కుడుతూ కూనిరాగం తీసేది. ఆవిడ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికేచోట పనిచేస్తుంది. ఇంటికొస్తే నడుం పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆమెకి కూనిరాగం వచ్చని ఇన్నేళ్ళలో నాకు తెలియదు.

ఒకరోజు నేను విసుక్కుంటే సుత్తిదెబ్బలాగ ఒక్క మాట అంది. "ముప్ఫయ్యెనిమిదేళ్ళనుంచి బళ్ళు బాగుచేస్తున్నావు. ఒక్కదాంట్లో నన్ను మన వీధి మలుపు దాటించావా?"

నిజం చెప్పాలంటే, దాటించాను, మనసులో. అది చెప్తే ఏం బాగుంటుంది?

ఇక ఆ ఆదివారం.

ఎడమపక్క, వెనక చక్రానికి ముందు, నేల రేకు కింద అడ్డంగా ఒక ఇనుప ఛానల్ ఉంటుంది. పైన కూర్చోడానికి వేసే బెంచీ బోల్టులు దిగేది దాంట్లోకే. నేను బండి కిందికి దూరి సుత్తితో కొట్టుకుంటూ వస్తున్నాను. మా పనిలో కళ్ళకంటే చెవి ముఖ్యం. మంచి రేకు ఠంగుమంటుంది. తుప్పుపట్టింది డబ్‌మంటుంది. అక్కడికి వచ్చేసరికి డబ్ కూడా అనలేదు. సుత్తి లోపలికి దిగిపోయింది. జానెడు మేర ఛానల్ పొట్టులా రాలింది. దాన్ని కోసెయ్యాలి, కొత్త ఇనుము వంచి పెట్టాలి, వెల్లకిలా పడుకుని వెల్డింగ్ చెయ్యాలి. రెండు రోజుల పని. నిప్పురవ్వలు మెడలో పడతాయి.

సరిగ్గా అప్పుడే పైన జనం వచ్చారు. బొత్తాం వీధివాళ్ళు, బండి చూద్దామని. నేను కోసి బందులు వేసిన పక్కరేకుని ఆయన ఎత్తి చూపించాడు. కిందిముక్క వాల్చాడు. నీడ, బల్ల. వాళ్ళు ఆహా అన్నారు. నాకు బండి కింద నుంచి వాళ్ళ చెప్పులు మాత్రమే కనపడుతున్నాయి. ఎవరిదయ్యా ఈ ఆలోచన అని ఎవరో అడిగారు. మా మరదలు గొంతు, "ఇంకెవరిది, మా ఆయనదే. కుట్టేవాళ్ళ బుర్ర అలా ఉంటుంది, ఇక్కడ కత్తిరిస్తే అక్కడ ఏమవుతుందో తెలుస్తుంది" అంది. మా ఆవిడ కూడా నవ్వింది. బొత్తాం కాదనలేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. వెల్డింగ్ మిషను పక్కనే ఉంది, దానివైపు చూడలేదు. జల్లెడలాంటి తీగవల ఒక ముక్క కత్తిరించి ఆ కంతలో కుక్కాను. దానిమీద లప్పం ముద్ద పట్టించాను. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, నల్లరంగు పూశాను. చూపుకి కొత్త ఛానల్. బెంచీ బోల్టులు కూడా నేనే బిగించాను, పెద్ద వాషర్లు వేసి, కింద ఏముందో ఎవరికీ కనపడకుండా.

మా పనిలో లప్పం సొట్టలకి పెడతారు. బరువు మోసేచోట పెట్టినవాణ్ణి లప్పంగాడు అంటారు, మళ్ళీ ఎవరూ పనికి పిలవరు. నేనే ఇద్దర్ని అలా షెడ్డులోంచి వెళ్ళగొట్టించాను. నాకు తెలియక చేసింది కాదది. ఎక్కువ దూరం వెళ్ళే బండి కాదులే, ముందు సీట్లలో వాళ్ళిద్దరే కదా కూర్చునేది, తర్వాతెప్పుడైనా చేద్దాంలే అని సర్దిచెప్పుకున్నాను.

మొదటిసారి వాళ్ళిద్దరే కొండలవైపు వెళ్ళి రెండు రోజులకి వచ్చారు. నెలరోజులు అవే కబుర్లు. ఎత్తు ఎక్కలేక ఇంజిన్ మరిగితే, బొత్తాం దిగి పక్కన నడిచాడట, మా మరదలు తోలిందట. ఒక లోయ అంచున ఆపుకుని టీ కాచుకున్నారట. పొద్దున లేచి తెర తీస్తే ఎదురుగా ఏమీ లేదట, ఒట్టి మంచు. "గోడ లేదన్నా" అన్నాడు నాతో. అదేదో నాకు మాత్రమే చెప్పాల్సిన సంగతి అన్నట్టు.

వచ్చిన రోజే, వాళ్ళు బండిని షెడ్డులో పెట్టి ఇంటికి వెళ్ళాక ఒకణ్ణే బండి కిందికి దూరాను. లప్పం మీద వెంట్రుకంత బీట, బోల్టు దగ్గర మొదలై అటు చివరదాకా. చూశాను. నల్లరంగు డబ్బా తెచ్చి మళ్ళీ పూశాను. అది రెండో తప్పు. మొదటిదానికి కోపం వచ్చింది అని చెప్పుకోవచ్చు. దీనికి అదీ లేదు.

తర్వాత నెలకే వచ్చాడు బొత్తాం. నలుగురం సముద్రానికి వెళ్దాం అన్నాడు. వెళ్ళడానికి ఒకరోజు, అక్కడ రెండు రోజులు, రావడానికి ఒకరోజు. మా ఆవిడ సముద్రం చూడలేదు. నేనూ చూడలేదు. ఆరేళ్ళలో మొదటిసారి ఆవిడ నాలుగు రోజులు సెలవు పెట్టింది, వాళ్ళు ఇచ్చారు కూడా. నాకు బెంచీ గుర్తొచ్చింది. ఆ బెంచీ మీద కూర్చునేది ఆవిడే.

నేను రాను, షెడ్డులో పని ఉంది అన్నాను. నేను రాకపోతే ఆవిడా ఆగుతుందనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే ఆగింది. ఈసారి సంచీ సర్దుతూ తల కూడా ఎత్తలేదు. "రాకపోతే మానెయ్. డబ్బాలో అన్నం పెట్టి వెళ్తాను" అంది.

బయల్దేరే రోజు తెల్లారి బండి మా ఇంటి ముందు ఆగింది. నేను పనిబట్టలేసుకుని, సుత్తులసంచీ భుజాన పెట్టుకుని గుమ్మంలో ఉన్నాను. బొత్తాం చెయ్యిపట్టి లోపలికి లాక్కెళ్ళాడు. "రాకపోతే రాకపో, ఇది చూసి వెళ్ళు" అన్నాడు.

ఎడమ బెంచీ మీద కొత్త సీటు. వీపు దగ్గర స్పాంజి రెండు పొరలు, నడుం దగ్గర లోపలికి వంపు. "వదినకి నడుంనొప్పి కదా, ఆవిడ మా ఇంట్లో కుర్చీలో కూర్చున్నప్పుడు గోడ మీద పెన్సిల్‌తో వంపు గీసుకున్నాను" అన్నాడు. బెంచీ పక్కన ఇంకొకటుంది. నా చెక్కపెట్టె. నేను బోర్లించుకుని కూర్చునేదే. కాళ్ళు బిగించి, పైన మెత్త వేసి, ముదురు ఎరుపు రెగ్జిను కుట్టాడు.

"ఇది నీది. నువ్వు అడుగుతావేమోనని రెండేళ్ళు చూశానన్నా ఈ బండిని. నువ్వు అడగవని అర్థమయ్యాక అడిగాను. లేకపోతే పాతసామాన్లవాడు పట్టుకుపోయేవాడు" అన్నాడు.

నేను మంచివాణ్ణయితే అప్పుడు కళ్ళు చెమర్చాలి. నాకు వచ్చింది కోపం. తెలిసి కూడా చూస్తూ ఉన్నాడన్నమాట, నా పెదాలు కదులుతాయా లేదా అని. పైగా పెట్టెకి మెత్త కుట్టాడు. ఒకరిని చూసి ఏడవాలంటే వాళ్ళలో ఏదో ఒక ముల్లు ఉండాలి, అప్పుడే హాయిగా ఏడవగలం. ఈ మనిషి నాకు ఆ హాయి కూడా లేకుండా చేశాడు.

ఈలోపు మా ఆవిడ ఎక్కి ఆ సీటులో కూర్చుంది. వీపు వెనక్కి ఆనించింది. కళ్ళు మూసుకుంది. ఆహా అనలేదు గానీ, ఊపిరి పొడుగ్గా వదిలింది. బెంచీ బోల్టు దగ్గర చిన్నగా కిర్రుమంది. నాకున్న సగం చెవికి కూడా వినపడింది.

"దిగు" అన్నాను.

ఎందుకు అంది. సంచీలోంచి సుత్తి తీసుకుని బండి కిందికి దూరాను. ఒక్కటే దెబ్బ. లప్పం పెచ్చులు పెచ్చులుగా మొహం మీద పడింది. తీగవల వేలాడింది. బోల్టు చివర గాలిలో ఊగుతోంది.

అక్కడే పడుకుని చెప్పాను. బయటికి వచ్చి మొహాలు చూస్తూ చెప్పే ధైర్యం లేదు. ఇక్కడ ఛానల్ లేదు, లప్పం పెట్టాను, తెలిసే పెట్టాను అన్నాను. నాకు ఆరు కాళ్ళు కనపడుతున్నాయి. ఒక్కటీ కదల్లేదు. తర్వాత మా ఆవిడ చెప్పులు తలుపుదాకా వెళ్ళాయి, ఆగాయి, సంచీతో వెనక్కి వచ్చి ఇంట్లోకి వెళ్ళిపోయాయి.

మా మరదలు వంగి బండి కిందికి చూసింది. "బావా, మా ఆయన సీటు కుట్టేటప్పుడు లోపల గడ్డి పెట్టి కుట్టుంటే నీకెలా ఉండేది?" అంది. అంతే. తనూ వెళ్ళిపోయింది.

బొత్తాం కాళ్ళు మిగిలాయి. వంగి, రాలిన లప్పం పెచ్చు ఒకటి తీసి వేళ్ళతో నలిపాడు.

"ఎన్ని రోజులు పడుతుంది?" అన్నాడు.

"రెండు."

"ఇద్దరం చేస్తే?"

"నీకు వెల్డింగ్ రాదు."

"పట్టుకోవడం వచ్చు" అన్నాడు.

బండిని షెడ్డుకి తోలాం. కుళ్ళిన ముక్క కోసి పడేశాను. కొత్త ఇనుము కొలిచి, వంచి, రంధ్రాలు వేశాను. వెల్లకిలా పడుకుని వెల్డింగ్ పెడుతుంటే ఆయన పక్కన పడుకుని, రెండు చేతులతో ఛానల్‌ని పైకి అదిమి పట్టుకున్నాడు. నిప్పురవ్వ ఒకటి ఆయన చొక్కా బొత్తాంలేని చోట నుంచి లోపలికి పోయింది. ఒళ్ళు ఉలిక్కిపడింది గానీ చేతులు వదల్లేదు. గాలి బాగా వస్తోందా అన్నాను, నాకు తెలియకుండానే. ఆయన పొట్ట ఊగింది. నవ్వాడో మంటకి వణికాడో తెలియదు, మొహానికి అద్దం అడ్డం ఉంది నాకు.

మర్నాడు మధ్యాహ్నానికి అయింది. ఆయన సుత్తి అడిగి తీసుకుని కొట్టి చూశాడు. ఠంగుమంది. వెల్డింగ్ అతుకు పొడుగునా కొట్టుకుంటూ వెళ్ళాడు, అంగుళం అంగుళం. నా పనిని ఇంతవరకూ ఎవరూ అలా పరీక్ష చేయలేదు. నాకు సిగ్గేసింది. ఆయన చెయ్యాల్సిన పనే చేస్తున్నాడు, ఏమనడానికీ లేదు.

నాలుగు రోజుల్లో ఒకటిన్నర రోజు పోయింది. ఇక మానేద్దాం అంది మా మరదలు. మా ఆవిడ, "సెలవు మళ్ళీ ఆరేళ్ళకి ఇస్తారు" అని సంచీ తెచ్చి బండెక్కింది. ఎక్కి ఎడమ బెంచీవైపు చూసింది, నావైపు చూసింది, ముందుకెళ్ళి బొత్తాం పక్కన కూర్చుంది. ఆవిడ నడుంకోసం కుట్టిన సీటు నాకు మిగిలింది. ఎవరూ చెప్పకుండానే అందులో కూర్చున్నాను. మా మరదలు నా చెక్కపెట్టె మీద కూర్చుంది, నాకు వీపు చూపిస్తూ.

దారంతా ముందు వాళ్ళిద్దరూ కబుర్లు. మా ఆవిడ మోకాళ్ళ మీద దారి రాసిన కాగితం. ఎడమకి తిప్పు మరిదీ, అదిగో వంతెన మరిదీ అంటోంది. నేను పదకొండేళ్ళు చూసిన బొమ్మే అది. స్టీరింగ్ దగ్గర మనిషి మాత్రం మారాడు. నేను కింద ఛానల్ చప్పుడు వింటూ కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా పాదాలు నేలకి నొక్కేవాణ్ణి.

మూడోరోజు పొద్దున సముద్రం దగ్గర ఆగాం. మధ్యాహ్నం తిరిగి బయల్దేరాలి. మా ఆవిడ నీళ్ళ అంచున చీర ఎత్తిపట్టుకుని నిలబడింది. నేను రెండడుగులు వెనక. రెండు రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది, సముద్రంవైపే చూస్తూ. "ఇంత చప్పుడు చేస్తుందని ఎవరూ చెప్పలేదేంటి" అంది. ఎడమచెవివైపు వచ్చి చెప్పింది, నాకు వినపడేవైపు.

వెనక్కి వచ్చేసరికి బండి చుట్టూ జనం. బొత్తాం ఎక్కడ ఆగినా ఇంతే. పక్కరేకు ఎత్తి, కిందిది వాల్చి చూపిస్తున్నాడు. ఒకరోజు అన్నం తింటుంటే తట్టింది నాకు అని చెప్తున్నాడు. తింటున్నమాట నిజమే. తట్టింది ఎవరికో నేను చెప్పలేదు. చెప్పే హక్కు ఇప్పుడు నాకెక్కడిది? లప్పంతో పాటు అదీ రాలిపోయింది. వెళ్ళి లోపల బెంచీ మీద కూర్చుని, వాళ్ళ ఆహాలు లెక్కపెడుతున్నాను.

బొత్తాం వాళ్ళని లోపలికి తీసుకొచ్చాడు. చేతికర్రతో ఒక పెద్దావిడ ముందు ఎక్కింది. సీట్లు చూపించాడు, తెరలు చూపించాడు. తర్వాత కాలితో నేలని తన్నాడు.

"ఇది మా అన్న పని. పైకి కనపడదు, కొట్టి చూడాలి. ఒకసారి వేసింది నచ్చక మళ్ళీ వేశాడు" అన్నాడు.

మా మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ సముద్రంవైపు తిరిగింది, భుజాలు కదులుతున్నాయి. పొగిడాడో పొడిచాడో నాకు ఇప్పటికీ తేలలేదు. అలాంటి మాట ఒకటి, రెండువైపులా పదునున్నది, అంత తేలిగ్గా అనగలగడం కూడా ఆయనకే వచ్చు. దాని మీద కూడా నాకు కుళ్ళే.

పెద్దావిడ కర్రతో నేలమీద ఒకటి కొట్టింది. సముద్రం హోరులో సరిగ్గా వినపడలేదు.

"అక్కడ కాదమ్మా, ఈ బెంచీ కింద కొట్టండి. గట్టిగా" అని నేను రెండు కాళ్ళూ పైకెత్తాను.